పేరు కలిసింది, బియ్యం ఆగింది

తెలంగాణ వచ్చిన తొలి అయిదేళ్లలో, అంటే 2014 నుంచి 2019 దాకా, రాష్ట్రంలో రద్దయిన రేషన్ కార్డులు 18 లక్షల పైచిలుకు. దొంగ కార్డులు ఏరేస్తున్నామని ప్రభుత్వం చెప్పింది. దొంగ కార్డులు లేవని ఎవరూ అనరు. కానీ ఈ ఏరివేత కోసం అధికారులు గడప గడపకూ తిరగలేదు. 2016 ప్రాంతం నుంచి 'సమగ్ర వేదిక' అనే కంప్యూటర్ వ్యవస్థ ఆ పనికి దిగింది. వాహనాల రిజిస్ట్రేషన్లు, ఆస్తి పన్ను, కరెంటు కనెక్షన్లు, ఉద్యోగుల జాబితాలు, ఇంకా రకరకాల శాఖల వివరాలన్నీ ఒకచోట కలిపి, ఫలానా కుటుంబానికి కారుంది, ఫలానా కుటుంబానికి పెద్ద ఇల్లుంది అని అది చెప్పేది. అది చెప్పిన కార్డుల్లో చాలావాటిని నోటీసు కూడా ఇవ్వకుండా తీసేశారు. కార్డు పోయిన సంగతి ఎందరికో సంచి పట్టుకుని డీలర్ దగ్గరికి వెళ్లినప్పుడే తెలిసింది.

రిక్షా తొక్కి బతికే ఒక మనిషి కుటుంబానికి కారు ఉన్నట్టు లెక్క తేలింది. కారు అతనిది కాదు, అలాంటి పేరే ఉన్న ఇంకొకరిది. పేర్లు దగ్గరగా ఉన్నాయి గనుక ఇద్దరూ ఒకరేనని యంత్రం అనుకుంది. తనకు కారు లేదని రుజువు చేసుకోవాల్సిన పని ఆ ఇంటివాళ్ల మీద పడింది. ఉన్నదాన్ని చూపించడం తేలిక. లేనిదాన్ని ఏ కాగితంతో చూపిస్తారు?

వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కంప్యూటర్ లెక్కను మాత్రమే నమ్ముకుని కార్డులు తీసేస్తే కుదరదని, క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022లో కోర్టు ఆదేశించింది. 4,91,899 విజ్ఞప్తులు వచ్చాయి. ఆ ఏడాది జులై నాటికి 2,05,734 పరిశీలిస్తే అందులో 15,471 కుటుంబాలు కార్డుకు పూర్తిగా అర్హులేనని తేలింది. అంటే నూటికి ఏడున్నర. అప్పట్లో తెలంగాణలో తలకు 6 కిలోల బియ్యం, కిలో రూపాయికి. నలుగురున్న ఇంటికి నెలకు 24 కిలోలు, ఏడాదికి 288 కిలోలు. తప్పుడు జత ఒక్కటి పడితే ఒక ఇంటికి ఏడాదిలో పోయేది అంత.

కృత్రిమ మేధ నైతికత అనగానే మన చర్చలు డీప్‌ఫేక్‌ల మీదికో, ఉద్యోగాల మీదికో, మనిషిని మించిపోయే యంత్రాల మీదికో పోతాయి. అవి పట్టించుకోవలసినవే. కానీ పేదవాడికీ ప్రభుత్వానికీ మధ్య అల్గారిథమ్ వచ్చి కూర్చున్నది రేషన్ దగ్గర, పింఛను దగ్గర, ఫీజు రీయింబర్స్‌మెంటు దగ్గర. ఇక్కడ చట్టం తేల్చాల్సిన అసలు ప్రశ్న యంత్రం తప్పు చేస్తుందా లేదా అన్నది కాదు. చేస్తుంది. ఆ తప్పును కనిపెట్టి సరిదిద్దే బరువు ఎవరి నెత్తిన పెట్టాలన్నదే ప్రశ్న. అది అర్థం కావాలంటే తప్పు ఎలా పుడుతుందో ముందు చూడాలి.

రెండు జాబితాల్లోని ఇద్దరు మనుషులు ఒకరేనా అని పోల్చడం వినడానికి చిన్న పని. ఆధార్ నంబరు రెండు చోట్లా ఉంటే నిజంగానే చిన్న పని. కానీ పాత వాహనాల రికార్డుల్లో, ఆస్తి పన్ను పుస్తకాల్లో ఆధార్ ఉండదు. మిగిలేది పేరు, తండ్రి పేరు, చిరునామా. అవి కూడా ఒక్కో శాఖలో ఒక్కో గుమాస్తా చేతిరాతను బట్టి, డేటా ఎంట్రీ చేసినవారి చెవిని బట్టి ఉంటాయి.

పేర్ల మధ్య దూరాన్ని కొలవడానికి ఒక పాత పద్ధతి ఉంది. 1965లో సోవియట్ గణిత శాస్త్రజ్ఞుడు వ్లదీమిర్ లెవెన్‌స్టైన్ చెప్పింది. ఒక మాటను రెండో మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలి, ఎన్ని తీసెయ్యాలి, ఎన్ని మార్చాలి అని లెక్కపెడతారు. లెక్క ఎంత తక్కువైతే పేర్లు అంత దగ్గర. దీన్ని మన పేర్ల మీద పెట్టి చూడండి. లక్ష్మిని ఇంగ్లిషులో కొందరు మధ్యలో ఎక్స్ పెట్టి అయిదు అక్షరాల్లో రాస్తారు, కొందరు కె, ఎస్, హెచ్ పెట్టి ఏడు అక్షరాల్లో రాస్తారు. మనిషి ఒకరే, కానీ రెండింటి మధ్య దూరం మూడు. ఏడక్షరాల లక్ష్మికి, అదే పద్ధతిలో ఎనిమిది అక్షరాల్లో రాసిన లక్ష్మణ్‌కి దూరం రెండే. ఈ కొలతలో లక్ష్మికి తనకన్నా లక్ష్మణుడే దగ్గర.

ఉచ్చారణను బట్టి పోల్చే పద్ధతి ఇంకా పాతది. సౌండెక్స్ అంటారు, 1918లో అమెరికాలో పేటెంటు పొందింది. పేరులోని మొదటి అక్షరాన్ని ఉంచుకుని, అచ్చుల్ని వదిలేసి, తర్వాతి హల్లుల్లో మూడింటిని అంకెలుగా మారుస్తుంది. ఇందులో రెండు రకాల లక్ష్మి స్పెల్లింగులూ ఒకే కోడుకు వస్తాయి, మంచిదే. కానీ శ్రీనివాస్, శ్రీనివాసులు, శ్రీనివాసరావు ముగ్గురూ 'ఎస్ 651' అవుతారు. అమెరికన్ల ఇంటిపేర్ల కోసం కుట్టిన చొక్కా మన పేర్లకు సరిపోలేదంటే చొక్కాది తప్పు కాదు, కొలతలు చూడకుండా తొడిగినవారిది.

మన పేర్లకు మరికొన్ని చిక్కులున్నాయి. ఇంటిపేరు ముందొస్తుంది, ఫారంలో చివర రాయమంటారు. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట ఒక్క పొడి అక్షరం. పెళ్లయిన ఆడపిల్ల ఒక రికార్డులో పుట్టింటి పేరుతో, ఒక రికార్డులో అత్తింటి పేరుతో. హైదరాబాద్ పాతబస్తీలో మహమ్మద్ అన్న మాటను పొడుగ్గానో పొట్టిగానో రాసే తీరులు చేతి వేళ్లకు అందవు, ఆ పేరుతో మొదలయ్యే మనుషులు వీధికి వందమంది. ఒకే పేరు ఎక్కువమందికి ఉన్న సముదాయాల్లో తప్పుడు జతలు ఎక్కువ పడటం గణితపు ధర్మం. యంత్రానికి ఎవరిమీదా కోపం లేకపోయినా ఫలితం కొందరిమీదే ఎక్కువగా పడుతుంది. వివక్ష కోడులో రాసి ఉండాల్సిన అవసరం లేదు. పేర్ల పంపకంలోనే ఉంటుంది.

ఈ శాస్త్రానికి గట్టి పునాది వేసింది ఇద్దరు గణాంకవేత్తలు, ఐవాన్ ఫెలీగీ, ఆలన్ సంటర్. కెనడా ప్రభుత్వ గణాంక శాఖలో పనిచేసినవారు. 1969లో వారు రాసిన పత్రం ఇప్పటికీ ఈ రంగంలో మొదటి పాఠం. ప్రతి జతకూ ఒక మార్కు వేయమన్నారు. అరుదైన పేరు కలిస్తే ఎక్కువ మార్కులు, అందరికీ ఉండే పేరు కలిస్తే తక్కువ. పై గీత దాటితే ఇద్దరూ ఒకరే. కింది గీతకు దిగువనుంటే వేరువేరు. మరి రెండు గీతల నడుమ పడినవారి సంగతి? వాళ్లను మనిషి స్వయంగా చూసి తేల్చాలని ఆ సిద్ధాంతమే చెబుతుంది. చాలామంది గమనించని విషయం ఇది. మనిషి పరిశీలన అన్నది దయతో చేర్చిన మెలిక కాదు, లెక్కలో విడదీయరాని భాగం. నడిమి గదిని మూసేసి ఒక్క గీతతో పని కానిస్తే శాస్త్రాన్ని వాడినట్టు కాదు, సగానికి నరికినట్టు.

సమగ్ర వేదిక లోపల ఏ సూత్రం ఉందో, గీత ఎక్కడ గీశారో బయటివారికి చూపించలేదు. సమాచార హక్కు కింద అడిగిన జర్నలిస్టులకు, అది తయారుచేసిన కంపెనీ హక్కుల పేరుతో సోర్స్ కోడ్ నిరాకరించారు. ప్రజల బియ్యాన్ని తేల్చే సూత్రం ప్రజలకు చెప్పకూడని వ్యాపార రహస్యం కావడం నాకు ఏ విధంగానూ సమ్మతం కాదు.

సంఖ్యల పరిమాణం కూడా ఇక్కడ మోసం చేస్తుంది. ఉదాహరణకు ఒక రాష్ట్రంలో కోటి కుటుంబాలు, 50 లక్షల కార్లు ఉన్నాయనుకుందాం. ప్రతి కుటుంబాన్నీ ప్రతి కారుతో పోలిస్తే 50 లక్షల కోట్ల జతలు. కోటి జతలకు ఒక్కటంటే ఒక్కటే తప్పయ్యేంత గొప్ప యంత్రం తెచ్చినా 50 లక్షల తప్పుడు జతలు వస్తాయి. అందుకే ఒకే జిల్లావారిని, ఒకే పిన్‌కోడ్‌వారిని మాత్రమే పోల్చమని ముందే గుంపులు కడతారు. జతలు తగ్గుతాయి. కానీ పనికోసం వలసపోయిన మనిషి వేరే గుంపులో పడిపోతాడు. మా యంత్రం 99 శాతం కచ్చితమని కంపెనీలు ప్రకటించినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న: వేటిలో 99?

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ గీత. ఎంసెట్ కటాఫ్‌లాంటిదే ఇదీ. తగ్గిస్తే అనర్హులు ఎక్కువమంది దొరుకుతారు, వారితోపాటు అర్హులూ ఎక్కువమంది చిక్కుకుంటారు. పెంచితే అర్హులు క్షేమం, కొందరు అనర్హులు జారిపోతారు. రెండూ ఒకేసారి తగ్గించే కటాఫ్ లేదు. ఒక కారు యజమాని రూపాయికి కిలో బియ్యం తినడం ఎక్కువ తప్పా, ఒక రిక్షా కార్మికుడి ఇంట పొయ్యి వెలగకపోవడం ఎక్కువ తప్పా అని ఎవరో నిర్ణయిస్తేనే ఆ గీత పడుతుంది. ఆ నిర్ణయం ఇంజనీరుది కాకూడదు. ఢిల్లీ పోలీసులు తమ ముఖ గుర్తింపు సాఫ్ట్‌వేర్‌లో 80 శాతం పోలిక దాటితే సరైన జతగా తీసుకుంటామని 2022లో సమాచార హక్కు కింద ఇచ్చిన జవాబులో చెప్పారు. ఎనభయ్యే ఎందుకు, తొంభై ఎందుకు కాదు? ఈ ప్రశ్న శాసనసభలో చర్చకు రావాల్సినది. మనుషుల స్వేచ్ఛ ఒక అంకె మీద ఆధారపడుతున్నప్పుడు ఆ అంకెను ఎన్నుకున్నది ఎవరో తెలియాలి.

ఇదంతా బీదదేశపు కష్టమని అనుకోవద్దు. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం విషయంలో జరిగింది ఇంతకన్నా ఘోరం. అక్కడి పన్నుల శాఖ 2013 నుంచి మోసాల్ని పసిగట్టడానికి ఒక మోడల్‌ను వాడింది. పాత కేసుల నుంచి తానే నేర్చుకునే రకం. దరఖాస్తుదారు డచ్ పౌరుడా కాదా అన్నది అందులో ఒక కొలమానం. ఎక్కువ స్కోరు వచ్చినవారి ఫైలు ఒక ఉద్యోగి బల్ల మీదికి వెళ్లేది. అంటే మనిషి పరిశీలన ఉంది. కానీ స్కోరు ఎందుకు ఎక్కువ వచ్చిందో ఆ ఉద్యోగికి మోడల్ చెప్పేది కాదు. అనుమానితుడని ముందే ముద్ర పడిన ఫైలును తెరిస్తే చిన్న సంతకం తేడా కూడా మోసంలాగే కనిపిస్తుంది. వేలాది తల్లిదండ్రులను ఏళ్ల తరబడి తీసుకున్న భత్యమంతా తిరిగి కట్టమన్నారు. ఇళ్లు పోయాయి, కాపురాలు కూలాయి. 2020 డిసెంబరులో పార్లమెంటరీ విచారణ నివేదిక దీన్ని కనీవినీ ఎరుగని అన్యాయం అంది. 2021 జనవరి 15న ప్రధాని మార్క్ రుట్టె ప్రభుత్వం మొత్తంగా రాజీనామా చేసింది.

ఫైలు మధ్యలో ఒక మనిషిని కూర్చోబెడితే చాలదని డచ్చివారి అనుభవం చెబుతోంది. ఆ మనిషికి కారణం తెలియాలి, కాదనే అధికారం ఉండాలి, కాదంటే తన ఉద్యోగానికి ముప్పు రాదన్న ధీమా ఉండాలి. రోజుకు రెండొందల ఫైళ్లు చూడమంటే మనిషి కూడా యంత్రంలో ఒక మీటగా మారతాడు.

ఆస్ట్రేలియా కథ దీనికి భిన్నం. అక్కడ కృత్రిమ మేధే లేదు. 'రోబోడెట్' అని జనం పేరు పెట్టిన పథకం 2015లో చిన్నగా మొదలై మరుసటి ఏడాది దేశమంతా వచ్చింది. నిరుద్యోగ భృతి రెండు వారాలకోసారి ఇస్తారు, ఆ పక్షంలో వచ్చిన ఆదాయాన్ని బట్టి. పన్నుల శాఖ దగ్గర ఉండేది ఏడాది ఆదాయం. కంప్యూటర్ ఏం చేసిందంటే ఆ ఏడాది ఆదాయాన్ని 26తో భాగించింది. ఒకావిడ ఆరు నెలలు పనిచేసి పక్షానికి 2,000 డాలర్ల చొప్పున 26,000 సంపాదించింది. మిగిలిన ఆరు నెలలు పనిలేక భృతి తీసుకుంది. అంతా నిజాయితీయే. కానీ సగటు తీస్తే ఏడాది పొడుగునా పక్షానికి 1,000 వచ్చినట్టు కనిపిస్తుంది. ఆదాయం దాచి భృతి తీసుకున్నావు, అప్పు కట్టు అని ఉత్తరం వెళ్లింది. కాదంటే అయిదారేళ్ల కిందటి జీతం చీటీలు తెచ్చి చూపించాలి. లక్షలమందికి ఇలాంటి ఉత్తరాలు వెళ్లాయి. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2019లో కోర్టు దగ్గర ప్రభుత్వం ఈ లెక్కకు చట్టబలం లేదని ఒప్పుకుంది. పరిహారంతో, మాఫీలతో కలిపి పరిష్కారం విలువ దాదాపు 180 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు. 2023 జులైలో వచ్చిన రాయల్ కమిషన్ నివేదిక ఈ పథకాన్ని మొరటైనది, క్రూరమైనది అని నిర్మొహమాటంగా రాసింది.

ఇప్పుడు చట్టాల సంగతికి వద్దాం. కృత్రిమ మేధ మీద ప్రపంచంలో అతి విస్తారమైన చట్టం యూరోపియన్ యూనియన్‌ది. 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది, భాగాలు భాగాలుగా వర్తిస్తోంది. ముప్పును బట్టి వ్యవస్థల్ని వర్గాలు చేస్తుంది. కొన్నింటిని పూర్తిగా నిషేధించింది: మనుషుల ప్రవర్తనకు ప్రభుత్వం మార్కులు వేయడం, ఆఫీసుల్లో బడుల్లో ముఖాల్ని చూసి భావోద్వేగాలు పసిగట్టడం, ఇంటర్నెట్ నుంచి ఫొటోలు గంపగుత్తగా ఎత్తుకుని ముఖాల భాండాగారం తయారుచేయడం. ఈ నిషేధాలు 2025 ఫిబ్రవరి 2 నుంచి ఉన్నాయి. ఉల్లంఘిస్తే జరిమానా 3.5 కోట్ల యూరోలు లేదా ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 7 శాతం, ఏది ఎక్కువైతే అది. సంక్షేమ అర్హతను తేల్చే వ్యవస్థలు 'అధిక ముప్పు' వర్గంలో ఉన్నాయి. వాటికి డేటా నాణ్యత పరీక్షలు, చిట్టాలు భద్రపరచడం, మనిషి పర్యవేక్షణ తప్పనిసరి. యంత్రం చెప్పిందే నిజమని మనిషి మనసు వాలిపోయే గుణాన్ని కూడా చట్టం పేరుపెట్టి ప్రస్తావించింది. నష్టపోయినవారికి వివరణ అడిగే హక్కు ఇచ్చింది. అయితే ఈ వర్గపు నిబంధనల గడువును వెనక్కి జరపాలని యూరోపియన్ కమిషన్ 2025 నవంబరులో తానే ప్రతిపాదించింది. కంపెనీల ఒత్తిడి ఎంతటిదో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఆ చట్టంలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది గడువు కాదు, నిర్వచనం. తానుగా ఏదో ఒకటి ఊహించి రాబట్టే వ్యవస్థనే అది కృత్రిమ మేధ అంటుంది. మనుషులు రాసిపెట్టిన నియమాల్ని యథాతథంగా నడిపించే సాఫ్ట్‌వేర్‌ను బయట వదిలేస్తుంది. అంటే 26తో భాగించిన ఆస్ట్రేలియా లెక్క దాని పరిధిలోకి రావడం కష్టం. లక్షలమందిని ఏడిపించినా సరే, తెలివి తక్కువైనందుకు తప్పించుకుంటుంది. చట్టం యంత్రం తెలివిని కొలుస్తోంది. బాధితుడికి దెబ్బ ఎంత తగిలిందన్నదే కొలమానం కావాలి.

కెనడా ఈ విషయంలో సరైన దారి పట్టిందని నా అభిప్రాయం. 2019లో ఆ దేశపు కేంద్ర ప్రభుత్వం తన శాఖలకు ఒక ఆదేశం ఇచ్చింది. చట్టం కాదు, ఖజానా బోర్డు ఆదేశం. అందులో సాంకేతికత ఏదన్న పట్టింపు లేదు, పౌరుడి గురించి ప్రభుత్వం తీసుకునే నిర్ణయంలో కంప్యూటర్ పాత్ర ఉంటే చాలు. శాఖ ముందుగా ఒక ప్రశ్నావళికి జవాబులు నింపి ప్రభావాన్ని నాలుగు స్థాయిల్లో ఒకటిగా లెక్కగట్టి బయటపెట్టాలి. ఎగువ రెండు స్థాయిల్లో ఆఖరి నిర్ణయం మనిషే తీసుకోవాలి. సాదాసీదా ఏర్పాటు, కానీ గురి సరైనచోట ఉంది.

యంత్రం తెలివికీ, అది కొట్టే దెబ్బకీ ఉన్న తేడా ఆంధ్రప్రదేశ్‌వారికి బాగా అర్థమవుతుంది. గత ప్రభుత్వ హయాంలో అక్కడ సంక్షేమ పథకాలకు 'ఆరు అంచెల పరిశీలన' నడిచింది. పరిమితి మించిన భూమి, నాలుగు చక్రాల బండి, నెలకు 300 యూనిట్లు దాటిన కరెంటు, ఆదాయపు పన్ను, ప్రభుత్వోద్యోగం, పట్టణంలో వెయ్యి చదరపు అడుగులు దాటిన ఇల్లు: వీటిలో ఒక్కటున్నా అనర్హతే. నియమాలన్నీ మనుషులు రాసినవే, మేధ ఏమీ లేదు. కానీ నాలుగు వాటాలున్న ఇంటికి మీటరు ఒక్కటే అయితే యూనిట్లు ఎవరి ఖాతాలో పడతాయి? అన్న పేరున ఉన్న పాత మీటరు తమ్ముడి ఆధార్‌కు జతపడితే? నియమం సూటిగా ఉన్నా దాని కింది రికార్డు వంకరగా ఉంటే తీర్పు వంకరే. ఒక మంచి సంగతి కూడా చెప్పాలి. లబ్ధిదారుల జాబితాల్ని గ్రామ, వార్డు సచివాలయాల్లో గోడకు అంటించి అభ్యంతరాలు తీసుకునే పద్ధతి అప్పట్లో అక్కడ ఉండేది. ఏ గోడా లేకుండా కార్డులు మాయమవడం కన్నా అది ఎంతో మేలు.

కేంద్రం 2025 నవంబరులో కృత్రిమ మేధ పాలనకు మార్గదర్శకాలు విడుదల చేసింది. ఐఐటీ మద్రాస్ ఆచార్యుడు బలరామన్ రవీంద్రన్ సారథ్యంలోని సంఘం తయారుచేసిన ఆ పత్రం ఏడు సూత్రాలు చెప్పి, ప్రస్తుతానికి ప్రత్యేక చట్టం అక్కర్లేదని, ఉన్న చట్టాలు చాలావరకు సరిపోతాయని తేల్చింది. అడ్డుకట్టల కన్నా ఆవిష్కరణకు పెద్దపీట వేయాలన్నది ఆ ఏడింటిలో ఒకటి. కంపెనీల ఉత్పత్తుల విషయంలో ఆ వాదనలో పస ఉంది. పుట్టకముందే ఊపిరాడకుండా చేస్తే ఏదీ ఎదగదు. కానీ రేషన్ షాపు దగ్గర నిలబడినవారికి వేరే కంపెనీకి మారే అవకాశం లేదు. ప్రభుత్వమే వాడే వ్యవస్థకూ, మార్కెట్లో అమ్ముడయ్యే వస్తువుకూ ఒకే మెతకదనం చూపకూడదు.

ఉన్న చట్టాలు సరిపోతాయా? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఒక విలువైన క్లాజు ఉంది. ఒక మనిషి మీద ప్రభావం చూపే నిర్ణయానికి వాడే డేటా సంపూర్ణంగా, కచ్చితంగా ఉండేలా చూడాల్సిన బాధ్యత దాన్ని వాడేవారిదే అంటుంది. రుజువు బరువును సరైన భుజం మీద పెట్టే మాట. కానీ అదే చట్టం సబ్సిడీల కోసం ప్రభుత్వం డేటా వాడుకోవడానికి సమ్మతి అక్కర్లేదంటుంది, కొన్ని ప్రభుత్వ సంస్థలకు పూర్తి మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికి కట్టబెడుతుంది. యంత్రం చేసిన నిర్ణయానికి వివరణ అడిగే హక్కు అందులో లేదు. రాజ్యాంగం ఉంది, నిజమే. వినకుండా ఎవరికీ శిక్ష వేయకూడదన్న సహజ న్యాయ సూత్రం మన కోర్టుల్లో ఏనాటినుంచో ఉంది. తెలంగాణ కార్డుదారులకు చివరికి ఊరట దొరికిందీ కోర్టులోనే. కాకపోతే ఒక్కో కార్డు కోసం సుప్రీంకోర్టు మెట్లెక్కడం అయ్యే పని కాదు.

యూరప్ చట్టం ఇలాంటి సంక్షేమ వ్యవస్థల తనిఖీని వాటి తయారీదారులకే వదిలేసింది. తెలుగువారికి అంతకన్నా గట్టి సొంత సాధనం ఒకటి ఉంది. ఉపాధి హామీ చట్టం గ్రామసభల చేత సామాజిక తనిఖీ జరిపించాలంది. దాన్ని కాగితం మీది మాటగా వదిలెయ్యకుండా పెద్ద ఎత్తున ఆచరణలో పెట్టింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. 2006లో మొదలుపెట్టి, 2009లో అందుకోసమే ప్రత్యేకంగా ఒక సొసైటీ ఏర్పాటు చేసింది. ఊరి కుర్రాళ్లకే శిక్షణ ఇచ్చి కూలీల హాజరు పట్టీలు, అంటే మస్టర్ రోల్స్, చేతికిచ్చారు. ఇంటింటికీ వెళ్లి, నువ్వు ఇన్ని రోజులు పనిచేసినట్టు రాసి ఉంది, నిజమేనా అని అడిగారు. ఊరందరి ముందూ చదివి వినిపించారు. చనిపోయినవారు మట్టి పనికి వచ్చినట్టు రాసిన లెక్కలు అలా బయటపడ్డాయి. దేశవిదేశాల పరిశోధకులు వచ్చి చూసి వెళ్లారు.

అల్గారిథమ్ జాబితాకు కూడా ఇదే పద్ధతి పెట్టవచ్చు. కోడు చదవగలిగినవారు అక్కర్లేదు. యంత్రం అనర్హులన్న పేర్లలోంచి మండలానికి కొన్నింటిని లాటరీ పద్ధతిలో తీయాలి. ఒక్క కార్డూ రద్దు కాకముందే ఆ ఇళ్లకు వెళ్లి చూడాలి. మీ పేరు ఫలానా బండి నంబరుతో జతపడింది, ఈ బండి మీదేనా అని తెలుగులో అడగాలి. కాదన్నవారి మాట అబద్ధమని చూపించాల్సిన పని శాఖదే కావాలి, అది తేలేదాకా బియ్యం ఆపకూడదు. అందరి ముందూ చదవడానికి ఇబ్బందిపడేవారు ఉంటారు గనుక పేర్లు కాకుండా తప్పుల శాతాన్ని మాత్రం ఊరికో జిల్లాకో చొప్పున ప్రకటించాలి. ఏ పేర్ల దగ్గర, ఏ బస్తీల్లో తప్పులు ఎక్కువ పడుతున్నాయో అప్పుడు కళ్లకు కడుతుంది. కటాఫ్ ఎక్కడుండాలో ఆ అంకెలు చూసి మంత్రి సంతకంతో నిర్ణయించాలి, కాంట్రాక్టరుకు వదిలెయ్యకూడదు.

దీనికి పార్లమెంటు చట్టం చేసేదాకా ఆగక్కర్లేదు. కెనడా చేసినట్టు రాష్ట్ర ప్రభుత్వం ఒక జీవోతో తన శాఖల్ని కట్టడి చేసుకోవచ్చు. సామాజిక తనిఖీలు చేసిన అనుభవం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. రేషన్ కార్డులతో మొదలుపెట్టి, పింఛన్లకు, రైతులకిచ్చే సాయానికి, విద్యార్థుల ఫీజులకు దాన్ని వరసగా విస్తరించవచ్చు.